బీపీ పూటకో లెక్క చూపిస్తే ఏది నమ్మాలి?

పాఠకుల ప్రశ్నలకు హనుమకొండ జనరల్ ఫిజీషియన్ జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మా, నమస్తే. నాకు 56 ఏళ్లు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో 28 ఏళ్లుగా దడ్వాయి పని చేస్తున్నాను. రోజంతా కాంటా దగ్గరే. నాలుగేళ్ల కింద బీపీ ఉందన్నారు. టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 కలిసిన గోలీ రాశారు, రోజుకు ఒకటి. మొన్న సంక్రాంతికి మా అబ్బాయి బీపీ మిషన్ కొనిచ్చాడు. అప్పటి నుంచి మనశ్శాంతి లేదు. ఒక రోజు పొద్దున 158 చూపిస్తుంది, ఇంకో రోజు మధ్యాహ్నం 112, రాత్రి ఒకసారి 178 వచ్చింది. మా కాంటా మీద ఒకే బస్తాను మూడుసార్లు పెడితే మూడు తూకాలు వచ్చాయంటే రైతు ఊరుకుంటాడా? మిషన్ చెడిపోయిందా, నా ఒళ్లు చెడిపోయిందా? తక్కువ వచ్చిన రోజు గోలీ మానేస్తున్నాను, ఎక్కువ వస్తే ఇంకోటి వేసుకుంటున్నాను. నడుం నొప్పికి అప్పుడప్పుడు మా వీధి ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫినాక్ సూది వేయించుకుంటాను. రాత్రి గురక ఎక్కువైందని మా ఇంటామె గొడవ. ఫిబ్రవరిలో 19 రోజులు రాసుకున్న చిట్టా కాగితాలు పంపుతున్నాను. చూసి చెప్పండి.

జవాబు: అన్నా, ముందు మీ చిట్టాకు దండం పెట్టాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది "మొన్న చూస్తే ఎక్కువే వచ్చింది మేడమ్" అంటారు. ఎంత వచ్చింది, ఏ టైముకు, గోలీ వేసుకున్నాకా వేసుకోకముందా అంటే గుర్తుండదు. మీరు తేదీ, టైము, రెండు అంకెలు, గోలీ వేసుకున్న రోజు టిక్కు, మానేసిన రోజు సున్న, సూది వేయించుకున్న రోజు "సూది" అని పక్కన రాశారు. మొత్తం 64 లెక్కలు. ఆదివారం పొద్దున ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుని ఒక్కోటీ చూశాను. మీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ కాగితాల్లోనే ఉంది.

8వ తేదీ రాత్రి చూడండి. 11 గంటల 2 నిమిషాలకు 148. 11:05కు 156. 11:09కు 161. 11:12కు 165, 11:16కు 169, 11:20కి 178. పద్దెనిమిది నిమిషాల్లో ఆరుసార్లు పట్టీ బిగించారు. మొదటి అంకె చూసి గాబరా పడ్డారు, గాబరాకు గుండె దడదడలాడింది, రక్తనాళాలు బిగుసుకున్నాయి, రెండో అంకె పెరిగింది, దాన్ని చూసి గాబరా ఇంకా పెరిగింది. ఆ 18 నిమిషాల్లో ఒంట్లో కొత్త రోగం ఏదీ పుట్టలేదు. భయం ఎంత ఉందో మిషన్ అంత చూపించింది, అంతే. మిషన్ అబద్ధం చెప్పలేదు. కానీ అది మీ అసలు బీపీ కూడా కాదు.

అసలు సంగతి ఏమిటంటే బీపీ బస్తా లాంటిది కాదు. బస్తాలో ఉన్న మిర్చి కాంటా ఎక్కినా దిగినా అంతే ఉంటుంది. రక్తపోటు గుండె కొట్టుకునే ప్రతిసారీ కాస్త మారుతూనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రాత్రి నిద్రలో పగటి కంటే 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. తెల్లవారుజామున లేచే వేళకు మళ్లీ పైకి లేస్తుంది. భోజనం చేశాక కొందరికి తగ్గుతుంది. బస్తా ఎత్తినప్పుడు, ఎవరితోనైనా గొడవపడ్డప్పుడు, బీడీ కాల్చినప్పుడు, ఒంటేలు ఆపుకున్నప్పుడు పెరుగుతుంది. అలా మారకపోతేనే మనిషి బతకలేడు.

కాబట్టి మీరు పోల్చుకోవాల్సింది కాంటాతో కాదు, మీ మార్కెట్లోనే జరిగే జెండా పాటతో. పొద్దున మంచి సరుకుకు పాట పెడితే పలికిన ధర మర్నాడు పేపర్లో వస్తుంది. ఊళ్లో రైతు అది చూసి లెక్కలు వేసుకుంటాడు. కానీ ఆ రోజు యార్డులో ఎక్కువ బస్తాలు ఏ ధరకు పోయాయో మీకు తెలుసు, అది వేరే. 178 మీ జెండా పాట. 112 ఏమో మబ్బు పట్టి తడిసిన సరుకుకు వచ్చిన ధర. ఆ రెండింటినీ పట్టుకుని మందు మార్చకూడదు. మందు నిర్ణయించేది సగటు.

మరి మీ సగటు ఎంత? 4వ తేదీ నుంచి 8వ తేదీ పొద్దుటి దాకా అయిదు రోజులు వరసగా గోలీ వేసుకున్నారు. ఆ పొద్దుటి లెక్కలు 138/86, 136/84, 140/86, 134/84, 136/84. కలిపి భాగిస్తే 137/85. ఇంట్లో చూసుకున్నప్పుడు సగటు 135/85 దాటితే ఎక్కువ అని లెక్క. ఆసుపత్రిలో అయితే ఆ గీత 140/90. అంటే గోలీ వేసుకుంటే మీరు గీత దగ్గరికి వచ్చేశారు, ఇంకొంచెం తగ్గాలి. భయపడాల్సిన 178 మీద మీరు బతకడం లేదు.

ఇక 8వ తేదీ రాత్రి తర్వాత ఏం జరిగిందో మీ టిక్కులూ సున్నలే చెబుతున్నాయి. 178 చూసి 11:30కి ఇంకో గోలీ వేసుకున్నారు. అందులోని ఆమ్లోడిపిన్ బాగా పని చేసేది 6 నుంచి 12 గంటల తర్వాత. మర్నాడు మధ్యాహ్నం అన్నం తిన్నాక 3 గంటలకు 112/70, పక్కన "కళ్లు తిరిగినయి" అని రాశారు. అది చూసి 9, 10, 11 తేదీలు గోలీ మానేశారు. 10వ తేదీ సాయంత్రం నడుంకు సూది. 12వ తేదీ పొద్దున 158/96. తక్కెడ ఒక పక్క వంగిందని ఇంకో పక్కన రాయి వేయడం, అటు వంగిందని మళ్లీ ఇటు వేయడం, ఇదే జరిగింది. మీ బీపీ ఊగడానికి పెద్ద కారణం మీరు ఊపడమే అన్నా. కోపంతో అనడం లేదు. మిషన్ చేతికిచ్చి ఎలా చూడాలో ఎవరూ చెప్పకపోతే ఎవరైనా ఇదే చేస్తారు.

ఈ గోలీలు జ్వరం గోలీల్లా కాదు. ఆమ్లోడిపిన్ సగం ఒంట్లోంచి పోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. రోజూ వేసుకుంటే వారం రోజులకు గానీ దాని పూర్తి బలం తెలియదు. ఒక రోజు వేసి, ఒక రోజు మాని, "పని చేయట్లేదు" అనుకోవడం దానికి అన్యాయం చేయడమే. పైగా ఊగడం వల్ల కూడా నష్టం ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో పక్షవాతం మీద పనిచేసే పీటర్ రాత్‌వెల్ బృందం 2010లో లాన్సెట్ పత్రికలో ఒక సంగతి బయటపెట్టింది. డాక్టర్ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ పై అంకె బాగా తేడాగా ఉండేవాళ్లకు, సగటు ఎంతైనా సరే, పక్షవాతం ముప్పు ఎక్కువగా కనిపించింది. ఆమ్లోడిపిన్ లాంటి మందుతో ఆ ఊగుడు తక్కువగా ఉందని కూడా చూశారు. వైద్యం ఇప్పటికీ సగటును చూసే నడుస్తుంది, కానీ మందు తప్పకుండా వేసుకోవడం ఎందుకు ముఖ్యమో దీంతో ఇంకా బాగా అర్థమైంది.

ఇది నేను పుస్తకం చదివి మాత్రమే చెప్పడం లేదు. మా నాన్న కొత్తవాడలో జంపఖానాలు నేసేవారు. బీపీ గోలీలు మగ్గం పక్కన రేకు డబ్బాలో పెట్టుకునేవారు. తల బరువెక్కిన రోజు ఒకటి వేసుకునేవారు, బాగున్న రోజు ఎందుకులే అనుకునేవారు. బీపీ ఎక్కువైనా చాలామందికి ఏమీ తెలియదు, తలనొప్పి రానే రాదు. ఒక కార్తీకమాసం పొద్దున నాడె పట్టుకున్న కుడి చేయి జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది. నేనప్పుడు కాకతీయ మెడికల్ కాలేజీలో రెండో ఏడు. తర్వాత ఆ డబ్బా తెరిస్తే 14 గోలీల స్ట్రిప్పులో 11 అలాగే ఉన్నాయి. మీ చిట్టాలో ఆ మూడు సున్నలు చూసినప్పుడు నాకు ఆ స్ట్రిప్పే కళ్ల ముందుకు వచ్చింది. మీరు రాసి పంపారు, అదృష్టం. ఇవాళ్టి నుంచి ఎంత వచ్చినా రోజుకు ఒకటే గోలీ, ఒకే టైముకు. మరిచిపోతే ఆ రోజే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, మర్నాటికి గుర్తొస్తే రెండు కలిపి వేసుకోవద్దు. పై అంకె 100 కంటే కిందికి పోతున్నా, కళ్లు తిరుగుతున్నా మీరే మానేయకండి, మీ డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి.

ఆ సూది సంగతి. డైక్లోఫినాక్ లాంటి నొప్పి మందులు ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. బీపీ పెరుగుతుంది, బీపీ గోలీ బలం తగ్గుతుంది, టెల్మిసార్టాన్ వాడేవాళ్లలో కిడ్నీల మీద అదనపు భారం పడుతుంది. బస్తాలు, తూకాలు, వంగడం, లేవడం, మీ నడుం నొప్పి నిజమైనదే, నేను కాదనను. దానికి పారాసెటమాల్, వేడి కాపడం, ఫిజియోథెరపీ దారులున్నాయి. ఆర్‌ఎంపీ గారికి "నాకు బీపీ ఉంది, నొప్పి సూది వద్దు" అని మీరే నోరు తెరిచి చెప్పాలి. జలుబుకు ఇచ్చే ముక్కు తెరిపించే గోలీలు కొన్ని, స్టెరాయిడ్లు, ఆఖరికి దగ్గుకు నమిలే అతిమధురం కూడా ఎక్కువ రోజులు వాడితే బీపీని పెంచేవే.

ఇప్పుడు చూసుకునే పద్ధతి. ఏడు రోజులు పెట్టుకోండి. పొద్దున లేచి, ఒంటేలుకు పోయి వచ్చాక, చాయ్ తాగకముందు, గోలీ వేసుకోకముందు ఒకసారి కూర్చోండి. సాయంత్రం రాత్రి భోజనానికి ముందు ఒకసారి. మార్కెట్ నుంచి వచ్చీ రాగానే కాదు, కాళ్లు చేతులు కడుక్కుని కుదుటపడ్డాక. అరగంట ముందు నుంచి చాయ్, బీడీ, జర్దా వద్దు. కుర్చీకి వీపు ఆనించి, రెండు పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. టీవీ ఆపండి. మనవరాలు మాట్లాడినా జవాబు చెప్పకండి, మాట్లాడితేనే అంకె పెరుగుతుంది. చేయి టేబుల్ మీద గుండె ఎత్తుకు రావాలి. ఎత్తు చాలకపోతే కింద దిండు పెట్టండి. చేయి ఒళ్లో పెట్టుకుంటే పై అంకె సుమారు 4, పక్కకు వేలాడేస్తే 6 నుంచి 7 ఎక్కువ చూపిస్తుందని అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్లు 2024లో కొలిచి చెప్పారు. తూకం వేసే మనిషికి ఇది నేను వివరించక్కర్లేదు.

పట్టీ చర్మం మీదే కట్టాలి. గత జనవరిలో ఒక పెద్దాయన స్వెటర్ చేయి పైకి మడిచి కూర్చున్నారు. ఆ మడత దండను తాడులా బిగించింది. స్వెటర్ విప్పించి మళ్లీ చూస్తే 14 తగ్గింది. ఆయన భార్య ఆ పాత అంకె కాగితం మీద రాసేసుకున్నారు, కొట్టేయించాను. మిషన్‌తో వచ్చే మామూలు పట్టీ మీద 22 నుంచి 32 సెంటీమీటర్లు అని ఉంటుంది. బస్తాలతో పనిచేసే చేతులు కాబట్టి టేపుతో మీ దండ కొలుచుకోండి. 32 దాటితే పెద్ద పట్టీ కొనాలి, చిన్న పట్టీ బీపీని లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. మొదటి రోజు రెండు చేతులూ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే తర్వాత ఎప్పుడూ చూసుకోండి. రెండింటికీ 15కు మించి తేడా వస్తూనే ఉంటే డాక్టర్‌కు చెప్పాలి.

కూర్చున్న ప్రతిసారీ ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. మూడోసారి వద్దు. వారానికి 28 లెక్కలు అవుతాయి. మొదటి రోజు నాలుగూ కొట్టేసి మిగిలిన 24 కలిపి భాగించండి. ఆ ఒక్క సగటు పట్టుకుని డాక్టర్ దగ్గరికి పోండి. తర్వాత మిషన్ బీరువాలో పెట్టేయండి, మళ్లీ చెకప్‌కు వారం ముందు తీస్తే చాలు. రాత్రి 11 గంటలకు మాత్రం ఎట్టి పరిస్థితుల్లో తీయవద్దు.

మీ గురక విషయం నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ పీల్చుకుంటున్నారా అని మీ ఇంటామెను అడగండి. పగలు కాంటా దగ్గర కునుకు పడుతోందా? ఉంటే అది నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కావచ్చు. దాంతో రాత్రి తగ్గాల్సిన బీపీ తగ్గదు, పొద్దున పెరిగి ఉంటుంది. నడుముకు కట్టుకుని 24 గంటలు తిరిగే బీపీ మిషన్ ఉంది, పగలు 20 నిమిషాలకోసారి, రాత్రి అరగంటకోసారి దానంతటదే కొలుస్తుంది. మీలాంటి వాళ్లకు ఒకసారి అది కట్టించడం మంచిది. దాంతో పాటు కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్, పొటాషియం రక్త పరీక్షలు చేయించండి. పట్టీ కట్టినప్పుడు మిషన్ మీద గుండె గుర్తు వంకరగా వెలిగి, నాడి గతి తప్పిందని చూపిస్తే ఈసీజీ కూడా తీయించాలి, అలాంటి నాడి ఉన్నవాళ్లకు లెక్కలు సహజంగానే తేడాగా వస్తాయి.

ఇంకో రెండు నెలల్లో ఎండలు ముదురుతాయి. మన దగ్గర మే నెలలో యార్డు రేకుల కింద ఎంత కాగుతుందో మీకు చెప్పాలా. వేడికి రక్తనాళాలు వ్యాకోచిస్తాయి, చెమటతో ఉప్పూ నీరూ పోతాయి, బీపీ తగ్గుతుంది. చలికాలంలో మళ్లీ పెరుగుతుంది. అందుకే ఏప్రిల్ చివర ఒక వారం, డిసెంబర్లో ఒక వారం ఈ లెక్క రాసుకుంటే డాక్టర్ మోతాదు సరిచూస్తారు. చలికాలంలో కొత్త చింతకాయ తొక్కు కూడా తోడవుతుంది. రోజు మొత్తానికి 5 గ్రాముల ఉప్పు, అంటే ఒక చిన్న చెంచా, అంతకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. తొక్కు మానేయమని నేను అనను, మా ఇంట్లోనూ ఉంటుంది. అన్నంలో ముద్దంతా కలపకుండా నంజుకోండి. రాత్రి మద్యం తాగే అలవాటు ఉంటే మర్నాడు పొద్దున అంకె దాన్ని చూపిస్తుంది, చిట్టాలో అదీ రాయండి.

పై అంకె 180 లేదా కింది అంకె 120 వస్తే అయిదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. ఒంట్లో ఏ ఇబ్బందీ లేకపోతే ఆ రోజో మర్నాడో డాక్టర్‌ను కలవండి. నాలుక కింద గోలీ పెట్టించుకుని గబగబా దించుకోవద్దు, అలా ఒక్కసారిగా దించితే మెదడుకు రక్తం చాలక అపాయం. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, ఒక పక్క చేయి కాలు పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం ఉంటే మాత్రం బీపీ ఎంతో చూసుకుంటూ కూర్చోకండి. వెంటనే 108. గడ్డ కరిగించే మందు పక్షవాతం లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు, నర్సంపేట దగ్గర పల్లెలో ఉంటుంది. ఆసుపత్రిలో చూసినప్పుడల్లా 170 వస్తుంది, మందు పెంచారు. ఇంట్లో ఆశా అక్క చూస్తే 128. ఈ మధ్య పొద్దున మంచం మీంచి లేస్తే తూలుతోంది. మందు పెంచడం సరైందేనా?

జవాబు: అమ్మా, తూలుతోందన్న మాటే నాకు ముఖ్యంగా కనిపిస్తోంది. డాక్టర్ దగ్గర ఎక్కువ, ఇంట్లో మామూలుగా ఉండేవాళ్లు చాలామంది ఉంటారు. పెద్దావిడ బస్సు దిగి, లైన్లో నిలబడి, పేరు పిలవగానే గబగబా వచ్చి కూర్చుంటే 170 రావడం వింత కాదు. పై జవాబులో చెప్పినట్టు వారం లెక్క రాయండి. ఒక రోజు ఆ ఇంటి మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్లి, వాళ్ల మిషన్‌తో పక్కపక్కన సరిచూడండి.

దాంతో పాటు ఇంకోటి చేయండి. అమ్మను అయిదు నిమిషాలు పడుకోబెట్టి చూడండి. తర్వాత లేపి నిలబెట్టి, పడిపోకుండా పట్టుకుని, ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఒకసారి చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే నిలబడగానే బీపీ పడిపోతోందని అర్థం. ఆ కాగితం తీసుకుని ఈ వారంలోనే మందు రాసిన డాక్టర్ దగ్గరికి వెళ్లండి, వచ్చే నెల చెకప్ దాకా ఆగవద్దు. ఈ వయసులో కింద పడి తుంటి ఎముక విరిగితే దాని బాధ బీపీ కంటే పెద్దది. అప్పటిదాకా మంచం మీద ఒక నిమిషం కూర్చుని, కాళ్లు ఆడించి, గోడ పట్టుకుని లేవమనండి. రాత్రి బాత్రూం దారిలో లైటు వేసి ఉంచండి.

ప్రశ్న: నేను కాజీపేటలో హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతున్నాను, 22 ఏళ్లు. నా స్మార్ట్ వాచ్ రోజూ 138/88 అని చూపిస్తోంది. టెన్షన్‌గా ఉంది.

జవాబు: పట్టీ లేకుండా చర్మం మీద వెలుగు వేసి లెక్కగట్టే వాచీలను బీపీ ఉందని తేల్చడానికి వాడకూడదని వైద్య సంఘాలు చెబుతున్నాయి. దాని అంకె పక్కన పెట్టు బాబూ. దండకు కట్టే మిషన్‌తో ఏడు రోజులు, పైన రాసిన పద్ధతిలోనే చూసుకో. పరీక్షల వారం వద్దు, రాత్రంతా మేలుకున్న మర్నాడు వద్దు, ఎనర్జీ డ్రింకులు తాగే రోజుల్లో అసలు వద్దు. సగటు 135/85 లోపు ఉంటే ఇక మరిచిపో. దాటితే ఒక ఫిజీషియన్‌ను తప్పకుండా కలువు, చిన్న వయసులో బీపీ పెరిగితే కిడ్నీ, థైరాయిడ్ లాంటి కారణాలు వెతకాలి. పండక్కి ఊరికి పోయినప్పుడు ఆ మిషన్ వెంట తీసుకెళ్లి అమ్మకూ నాన్నకూ కూడా చూడు. నీకు పెరిగి ఉంటే వాళ్లకూ ఉండే అవకాశం ఎక్కువ, వాళ్లు ఎప్పుడూ చూపించుకుని ఉండకపోవచ్చు.